కాలు పోయినా చదువు పోనివ్వకండి



ఈ పేజీలో మేము మామూలుగా బీపీ గురించో, షుగర్ గురించో, బాలింతల ఆహారం గురించో రాస్తుంటాము. ఈసారి మందుల సంగతి కాకుండా డబ్బు సంగతి రాస్తున్నాము. అంగవైకల్యం ఉన్న మన పిల్లలు ఇంటర్ దాటి పై చదువులు చదవడానికి దొరికే ఆర్థిక సహాయం గురించి. ఆసుపత్రి పత్రికలో ఇదెందుకు అని మీకు అనిపించవచ్చు. ఎందుకో ముందుగా చెబుతాము. ఇందులో మా తప్పు కూడా ఒకటి ఉంది.

మేము చెప్పకుండా వదిలేసిన మాట

కొన్నేళ్ళ క్రితం డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిని మన సర్జికల్ వార్డులో చేర్చారు. కాలేజీకి వెళ్తున్న షేర్ ఆటో బోల్తా పడింది. ఎడమ కాలు మోకాలి కింద తీసివేయక తప్పలేదు. తండ్రి కౌలు రైతు, తల్లి కూలికి వెళ్తుంది. అమ్మాయి మా దగ్గర నెలన్నర ఉంది. డిశ్చార్జి రోజున మిగిలిన కాలికి కట్టు ఎలా కట్టుకోవాలి, చర్మం కమిలితే ఏం చేయాలి, చంక కర్రలతో మెట్లు ఎలా ఎక్కాలి, కృత్రిమ కాలు కొలతలకు ఎప్పుడు రావాలి అన్నీ విడమరచి చెప్పాము. కాగితం మీద రాసి కూడా ఇచ్చాము.

రెండేళ్ళ తరువాత తల్లి జ్వరంతో ఓపీకి వచ్చింది. "అమ్మాయి ఏం చదువుతోందమ్మా?" అని అడిగాము.

"ఎక్కడి చదువు సిస్టరమ్మా! ఆటోకి రోజూ డబ్బులు కావాలి, ఫీజులు కట్టాలి. ఆ కాలుతో పోయి రావడం కూడా కష్టమని మానిపించేశాం. ఇంట్లో మిషను కుట్టుకుంటోంది" అంది.

"సదరం సర్టిఫికెట్ తీయలేదా?"

"తీశాంగా. పింఛను కోసం తీశాం. పెట్టెలో ఉంది."

పెట్టెలో ఉన్న ఆ కాగితమే ఆ అమ్మాయి కాలేజీ ఫీజుకు కూడా దారి చూపేది. ఆ సంగతి ఆ తల్లికి తెలియదు. తెలియజెప్పవలసిన వాళ్ళం మేము చెప్పలేదు. నెలన్నర రోజులు ఆ బిడ్డ మంచం పక్కన తిరిగాము, పూటపూటకూ టెంపరేచర్ రాశాము. "నీ చదువు ఆగనక్కరలేదమ్మా, ఇదిగో దారి" అన్న ఒక్క మాట మాత్రం ఎవరమూ అనలేదు. కొందరికి తెలియదు, కొందరం మన పని కాదనుకున్నాము.

ఆ రోజు నుంచి మా వార్డుల్లో డిశ్చార్జి కాగితంలో ఒక గడి పెంచాము. "చదువు ఎంతవరకు? ఇప్పుడు చదువుతున్నారా? ఆగితే ఎందుకు ఆగింది?" అని అందులో రాయాలి. అలా అడుగుతూ, తెలుసుకుంటూ పోగు చేసిన విషయాలే ఈ వ్యాసం.

ఇది దయ కాదు, హక్కు

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అంగవైకల్యం ఉన్నవారు 2.68 కోట్ల మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా ఉన్నారు. దేశం మొత్తం మీద వీరిలో చదవడం రాయడం వచ్చినవారు సుమారు 55 శాతం. అంటే దాదాపు సగం మంది బడి గడప దగ్గరే ఆగిపోయారు. ఇక కాలేజీదాకా వచ్చేవారు ఎంత తక్కువో మీరే ఊహించవచ్చు.

1995లో వచ్చిన వికలాంగుల చట్టం ప్రభుత్వ విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు కేటాయించింది. దాని స్థానంలో 2016లో కొత్త చట్టం చేశారు. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలు ఉంటే, కొత్తదానిలో 21 రకాలు ఉన్నాయి. తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి, హీమోఫిలియా, యాసిడ్ దాడి బాధితులు, ఆటిజం, చదవడం రాయడంలో ఇబ్బంది పడే పిల్లలు, వీరందరూ ఇందులోకి వచ్చారు. మా ఓపీకి రక్తం ఎక్కించుకోవడానికి వచ్చే తలసేమియా పిల్లల తల్లిదండ్రులు చాలామందికి ఇది ఇప్పటికీ తెలియదు.

ఈ చట్టంలోని 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లు వీరికి కేటాయించాలి. చేరే వయసులో 5 ఏళ్ళ సడలింపు ఇవ్వాలి. అనారోగ్యం వల్ల, ఆపరేషన్ల వల్ల రెండు మూడేళ్ళు చదువు పోగొట్టుకున్న పిల్లలకు ఈ సడలింపు ఎంత అవసరమో మాకు తెలుసు.

అన్నిటికీ మూలం ఒక్క కాగితం

ఈ సదుపాయాల్లో చాలా వాటికి వైకల్యం 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. దీన్ని మనవాళ్ళు సదరం సర్టిఫికెట్ అంటారు. ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ఈ సర్టిఫికెట్ మేము ఇవ్వలేము. ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలోని వైద్యులే ఇవ్వాలి. మేము చేయగలిగింది మీ కేసు షీటు, ఎక్స్‌రేలు, ఆపరేషన్ వివరాలు, వినికిడి పరీక్ష కాగితాలు సరిగ్గా సర్ది ఇవ్వడం. వాటిని తప్పక అడిగి తీసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ శిబిరానికి స్లాటు తీసుకోవచ్చు. తెలంగాణలో 2025 నుంచి కేంద్రప్రభుత్వపు యూడీఐడీ పోర్టల్ ద్వారానే ఈ పని జరుగుతోంది. యూడీఐడీ అంటే దేశమంతటా చెల్లే ఒకే గుర్తింపు కార్డు. సదరం కాగితం చేతిలో ఉన్నవారు కూడా ఈ కార్డు ఉందో లేదో చూసుకోండి. కేంద్ర స్కాలర్‌షిప్పులకు దరఖాస్తు పెట్టేటప్పుడు దీని నంబరే అడుగుతారు.

కొన్ని సర్టిఫికెట్లు తాత్కాలికంగా, గడువు తేదీతో ఇస్తారు. ఆ తేదీ దాటితే దరఖాస్తు చెల్లదు. మందు సీసా మీద ఎక్స్‌పైరీ చూసినట్టే దాన్నీ చూసుకోవాలి.

ఏయే సహాయాలు ఉన్నాయి?

ముఖ్యమైనవి వరుసగా చెబుతాము.

1. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్: ఇంటర్ నుంచి పీజీ వరకు చదివేవారికి కేంద్రప్రభుత్వం ఇచ్చేది. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు మించకూడదు. 2018 ఏప్రిల్ నుంచి అమలైన లెక్కల ప్రకారం ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షన్నర వరకు, పుస్తకాలకు 1,500 రూపాయలు ఇస్తారు. ఇవి కాక నెలవారీ భత్యం ఉంటుంది. ఇంజనీరింగ్, మెడిసిన్ వంటి కోర్సుల్లో హాస్టల్లో ఉండేవారికి 1,600, ఇంటి నుంచి వెళ్ళేవారికి 750. నర్సింగ్, ఫార్మసీ, లా వంటి వాటికి 1,100, 700. మామూలు డిగ్రీకి 950, 650. ఇంటర్, ఐటీఐకి 900, 550. వైకల్య భత్యం అని ఏడాదికి ఒకసారి చూపులేనివారికి, బుద్ధిమాంద్యం ఉన్నవారికి 4,000, మిగిలినవారికి 2,000. ఇందులో సగం అమ్మాయిలకు కేటాయించారు. ఆడపిల్లల తల్లిదండ్రులారా, ఈ మాట గుర్తుపెట్టుకోండి.

2. సక్షమ్ స్కాలర్‌షిప్: అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2014-15 విద్యాసంవత్సరం నుంచి ఇస్తున్నది. మండలి గుర్తింపు ఉన్న కాలేజీలో డిప్లొమా, ఇంజనీరింగ్ డిగ్రీ వంటివి చదివేవారికి ఏడాదికి 50,000 రూపాయలు. డిగ్రీకి 4 ఏళ్ళు, డిప్లొమాకు 3 ఏళ్ళు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. పోస్ట్ మెట్రిక్ పరిమితి దాటిన చిన్న ఉద్యోగుల పిల్లలకు ఇది మంచి అవకాశం.

3. టాప్ క్లాస్ స్కాలర్‌షిప్: ఐఐటీలు, ఎన్ఐటీలు, ఐఐఎంల వంటి ప్రకటించిన సంస్థల్లో సీటు వచ్చినవారికి. ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షల వరకు, పుస్తకాలకు, ఒకసారి కంప్యూటరుకు కూడా సహాయం ఉంటుంది. అసలు ఐఐటీల్లో 2016లో ఫీజు పెంచినప్పుడే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులతో పాటు వైకల్యం ఉన్న విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. ఫీజుకు భయపడి పరీక్షే రాయకుండా మానకండి.

4. పరిశోధనకు, విదేశాలకు: పీహెచ్‌డీ చేసేవారికి జాతీయ ఫెలోషిప్ ఉంది. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదవడానికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. వీటికి ఎంపికయ్యేవారి సంఖ్య తక్కువ, పోటీ ఎక్కువ.

5. పరికరాలు: చదువుకు ఫీజుతో పాటు నడవడానికి, వినడానికి, చూడడానికి సాధనం కూడా కావాలి. కేంద్రప్రభుత్వపు ఆడిప్ పథకం కింద మూడు చక్రాల బండి, వినికిడి యంత్రం, కృత్రిమ అవయవం వంటివి ఇస్తారు. నెల ఆదాయం 22,500 లోపు ఉంటే ఉచితంగా, 30,000 వరకు ఉంటే సగం ఖర్చుకు ఇచ్చేలా నిబంధన ఉంది.

6. రాష్ట్రప్రభుత్వ సహాయం: ఫీజు రీయింబర్స్‌మెంట్, మెస్ ఛార్జీలు, ఆర్టీసీ రాయితీ పాసులు. తెలంగాణలో ఫీజు సహాయానికి ఈపాస్ ద్వారా దరఖాస్తు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో కాలేజీ, సచివాలయం ద్వారా జరుగుతుంది. ఇక పింఛను సంగతి మీకు తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో నెలకు 6,000కు, తెలంగాణలో 2023లో 4,016కు పెంచారు.

నర్సు కావాలనుకునే పిల్లలకు ఒక మాట

ఈ ప్రశ్న మాకు తరచుగా వస్తుంది కనుక విడిగా రాస్తున్నాము. భారత నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ సీట్లలో వైకల్య కోటా కింది అవయవాల్లో, అంటే కాళ్ళలో, 40 నుంచి 50 శాతం వైకల్యం ఉన్నవారికి వర్తిస్తుంది. దరఖాస్తు పెట్టేముందు సర్టిఫికెట్‌లో శాతం ఎంత రాశారో చూసుకోండి. నర్సింగ్ కోర్సులు సాంకేతిక విద్యామండలి కిందికి రావు కనుక సక్షమ్ వీటికి రాదు. పోస్ట్ మెట్రిక్‌కు ప్రయత్నించాలి.

ఎక్కడ తప్పిపోతున్నాము?

డబ్బు లేక కన్నా చిన్న పొరపాట్ల వల్ల ఆగిపోయిన దరఖాస్తులే మేము ఎక్కువగా చూశాము. జాగ్రత్తలు ఇవి:

పేరు తేడా: పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, సదరంలో అసలు లేకుండా ఉంటుంది. మూడింటిలో ఒకేలా ఉండేట్టు ముందే సరిచేయించుకోండి.

బ్యాంకు ఖాతా: విద్యార్థి పేరుమీద ఖాతా ఉండాలి. దానికి ఆధార్ జోడించి ఉండాలి. ఫోను నంబరు పనిచేస్తుండాలి. డబ్బు నేరుగా ఆ ఖాతాకే వస్తుంది.

కాలేజీలో పరిశీలన: జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మీరు దరఖాస్తు పెట్టగానే పని అయిపోదు. కాలేజీ వారు దాన్ని చూసి ముందుకు పంపాలి. పంపారో లేదో వారం వారం అడగండి. మొహమాటపడవద్దు.

ఆదాయ ధ్రువపత్రం: తహసీల్దారు ఆఫీసు నుంచి కాలేజీలు తెరవకముందే తెచ్చుకోండి.

రెన్యువల్: మొదటి ఏడు వచ్చింది కదా అని ఊరుకుంటే రెండో ఏడు రాదు. ఏటా మళ్ళీ పెట్టాలి, ఏటా పాసవ్వాలి.

గడువు తేదీలు ఏడాదికోరకంగా మారుతుంటాయి. మొత్తాలు కూడా సవరిస్తుంటారు. అందుచేత జూన్ నెల రాగానే పోర్టల్‌లో ఆ ఏడాది ప్రకటన చూడడం అలవాటు చేసుకోండి.

మీరు మమ్మల్ని అడిగే ప్రశ్నలు

పిల్లవాడికి పింఛను వస్తోంది. స్కాలర్‌షిప్ పెడితే పింఛను ఆగిపోతుందా?
పింఛను వేరు, స్కాలర్‌షిప్ వేరు. ఈ భయంతోనే చాలామంది దరఖాస్తు పెట్టడం లేదు. అయితే ఒకే కోర్సుకు రెండు స్కాలర్‌షిప్పులు తీసుకోకూడదు. రాష్ట్రానిది, కేంద్రానిది పక్కపక్కన పెట్టి ఏది మేలో చూసి ఒకటి ఎంచుకోండి.

ఇంట్లో ఇద్దరు పిల్లలకు వినికిడి లేదు. ఇద్దరికీ వస్తుందా?
పోస్ట్ మెట్రిక్ ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఇద్దరి వరకు వస్తుంది.

సర్టిఫికెట్‌లో 35 శాతం రాశారు. ఇక ఏమీ లేదా?
స్కాలర్‌షిప్ రాదు. శాతం తప్పుగా వేశారని మీరు అనుకుంటే అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోనే ఉంది. పరీక్ష రాయడానికి సహాయకుడు కావాలంటే మాత్రం 40 శాతం తప్పనిసరి కాదని, అవసరమే ముఖ్యమని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో చెప్పింది. 40 శాతం దాటినవారికి సహాయకుడితో పాటు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇస్తారు. హాల్ టికెట్ దరఖాస్తులోనే అడగాలి, పరీక్ష రోజున అడిగితే కుదరదు.

40 శాతం దాటితే డాక్టరు చదువుకు పనికిరారంటున్నారు, నిజమేనా?
కేవలం శాతం చూసి అనర్హులనకూడదని, ఆ విద్యార్థి చదువు కొనసాగించగలడా లేదా అని వైద్యులు పరిశీలించి చెప్పాలని 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

చదువు ఆగకపోతే ఏమవుతుందో చూడండి

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ గారి గురించి మా నర్సింగ్ విద్యార్థినులకు ఏటా చెబుతుంటాము. 1954 జనవరిలో కారు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతింది. నడుము కింది నుంచి చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత ఒక ఫెలోషిప్ సహాయంతో న్యూయార్క్ వెళ్ళి పునరావాస వైద్యం చదివారు. తిరిగి వచ్చి 1960లలో ఆ రంగంలో మన దేశపు మొదటి విభాగాన్ని వేలూరులో నడిపారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ ఫెలోషిప్ ఒక మనిషికి ఇచ్చినది, దాని ఫలం వేలమంది రోగులకు అందింది.

మన దగ్గరి ఉదాహరణ బొల్లా శ్రీకాంత్ గారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తరువాత సైన్సు గ్రూపు ఇవ్వమంటే కోర్టుకు వెళ్ళి అనుమతి తెచ్చుకున్నారు. 98 శాతం మార్కులతో పాసై, అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాలర్‌షిప్‌తో చదివారు. 2012లో హైదరాబాదులో పరిశ్రమ పెట్టి వైకల్యం ఉన్నవారికి పని కల్పించారు. 2024లో ఆయన జీవితం మీద హిందీలో సినిమా కూడా వచ్చింది.

అందరూ అంత పేరు తెచ్చుకోనక్కరలేదు. తన కాళ్ళ మీద తాను నిలబడితే చాలు. అది చాలా పెద్ద విషయం.

ఆ అమ్మాయి ఏమైంది?

తల్లిని పంపించి, తరువాతి వారం అమ్మాయిని పిలిపించాము. మొదట ఒప్పుకోలేదు. "నాకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చోవాలా మేడమ్?" అంది. కృత్రిమ కాలు కూడా సరిగా అమరక పక్కన పెట్టేసింది. ముందు దాన్ని సరిచేయించాము. తరువాతి జూన్‌లో దగ్గరలోని కాలేజీలో బీకాం మొదటి సంవత్సరంలో చేరింది.

అంతా సాఫీగా జరిగిందని చెప్పలేము. మొదటి ఏడు ఖాతాకు ఆధార్ జోడించి లేదు. అది తెలిసేసరికి గడువు దాటింది. రెండో ఏడు మంజూరైంది గాని డబ్బు పరీక్ష ఫీజు గడువు తరువాత వచ్చింది. ఆ ఫీజు సంఘంలోని స్త్రీల సమాజం అక్కలు చేబదులుగా ఇచ్చారు. స్కాలర్‌షిప్ పడిన రోజునే ఆ అమ్మాయి తెచ్చి తిరిగి ఇచ్చింది. వద్దన్నా వినలేదు. ఇప్పుడు ఆఖరి సంవత్సరం చదువుతోంది. పోయిన రెండేళ్ళను మాత్రం మేము తిరిగి ఇవ్వలేము.

మనం చేయగలిగినది

సంఘ పెద్దలకు, యువజనులకు మా మనవి. మీ వీధిలో, మీ సంఘంలో చదువు ఆగిపోయిన ఇలాంటి బిడ్డ ఉందేమో చూడండి. జాలి మాటలు వద్దు. "సర్టిఫికెట్ ఉందా? ఎంత శాతం? గడువు ఎప్పటివరకు? యూడీఐడీ కార్డు వచ్చిందా?" అని అడగండి. కంప్యూటరు తెలిసిన యువకులు ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే నాలుగు దరఖాస్తులు పూర్తవుతాయి. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఫీజు గడువు దాటకుండా చేబదులు ఇచ్చే చిన్న నిధి ఒకటి ఉంచితే ఇంకా మేలు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పెట్టెలో దాచిన సదరం సర్టిఫికెట్ ఇవాళే బయటికి తీయండి. పింఛనుకు వాడిన ఆ కాగితమే బిడ్డ చదువుకూ పనికొస్తుంది. అర్థం కాకపోతే పట్టుకుని మా దగ్గరికి రండి. చదివి చెబుతాము. ఓపీ చీటీ అవసరం లేదు.